ఆరేళ్లుగా నా వేలికున్న అయోలైట్

జైపూర్‌లో కొన్న రెండున్నర క్యారెట్ల అయోలైట్ రాయి ఇది. నీలం కొనలేనివాళ్లకు శని కోసం ‘నీలి’ అని ఇచ్చే ఉపరత్నం ఇదే. నేను జాతకం కోసం కాదు, రంగుల కోసమే తీసుకున్నాను.

పొద్దున కిటికీ దగ్గర కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు పైనుంచి చూస్తే వంకాయ రంగు కలిసిన నీలం. వేలు కొంచెం పక్కకు తిప్పి రాయి అంచులోంచి చూస్తే ఆ నీలం వెలిసిపోయి, పల్చటి తేనె రంగు మిగులుతుంది. ఆరేళ్లయినా ఆ క్షణం నాకు పాతబడలేదు.

దీని ఖనిజం పేరు కార్డియరైట్. ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్త కార్డియే పేరు మీద 1813లో పెట్టారు. మన తూర్పు కనుమల రాళ్లలోనూ ఉంటుంది. స్ఫటికం లోపల పరమాణువుల అమరిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. అందులోని ఇనుము ఒక దిశలో కంపించే కాంతిలోంచి పసుపు, నారింజ భాగాన్ని బాగా పీల్చేస్తుంది, అప్పుడు నీలం కనిపిస్తుంది; ఇంకో దిశలో పెద్దగా ముట్టుకోదు. గోమేధికం, వజ్రం లాంటి వాటిలో అమరిక అన్ని వైపులా ఒకటే కాబట్టి ఎటు తిప్పినా రంగు మారదు.

మొదట్లో ఒక షాపులో వెనక మూసేసిన గూట్లో పొదిగారు. రాయి నల్లబడినట్టు అయిపోయింది, పక్క రంగు కనిపించనే లేదు. చాలా బాధేసింది. తర్వాత మా కంసాలి కొక్కేలతో, చుట్టూ తెరిచి ఉండేలా మళ్లీ కట్టాడు. ఈ రాయికి అలాగే చేయించండి.

పది వరకు ఉండే మోస్ కొలమానంలో దీని గట్టిదనం 7 నుంచి 7.5 మాత్రమే, నీలం రాయికి 9. దుమ్ములోని ఇసుకే దీన్ని గీకగలదు. నాలుగో ఏడాదికి అంచుల పదును తగ్గి, ఒకసారి పాలిష్ పెట్టించాను. గిన్నెలు తోమేటప్పుడు తీసేస్తాను. పగుళ్లు వచ్చే రాయి కాబట్టి శబ్ద తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయనివ్వను, గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు.

కొనేటప్పుడు విడి రాయినే అడగండి. పట్టకారుతో పట్టి అన్ని వైపులా తిప్పి చూడండి. కోత తప్పు దిశలో పడితే పైముఖం పాలిపోయి ఉంటుంది, ఎంత పెద్ద రాయైనా వద్దు. ఒక దిశలో కంపించే కాంతినే పోనిచ్చే పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే రాయి మీద పెట్టి నెమ్మదిగా తిప్పండి, ఉన్నచోటే రంగు మారిపోతుంది.

పోయిన నెల ఘనాకారంలో కోసిన చిన్న ముక్క ఒకటి కొన్నాను. ఒక ముఖం ఊదా నీలం, ఒకటి లేత నీలం, ఒకటి తేనె. అది పొదిగించను, అలాగే బల్ల మీద పెట్టుకుంటాను.