డిక్షనరీలో విలువ చదవడానికి చదరపు బ్రాకెట్లా, గెట్టా: ఏది మేలు?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో డిక్షనరీ మొదలుపెట్టిన వారంలోపే మా సాయంత్రం తరగతిలో దాదాపు ప్రతి విద్యార్థీ అడిగే ప్రశ్న ఇది. డిక్షనరీ అంటే ఒక్కో పేరుకు, అంటే కీకి, ఒక్కో విలువను జతచేసి ఉంచే పట్టిక. ఆ విలువను ధరలు[రకం] అని బ్రాకెట్లతోనైనా, ధరలు.గెట్(రకం) అనైనా చదవొచ్చు. కీ ఉన్నంతవరకు రెండూ ఒకే విలువను ఇస్తాయి. వేగంలోనూ కొత్తగా నేర్చుకునేవారు పట్టించుకోవలసినంత తేడా లేదు. ఎంపికను తేల్చేది నా దృష్టిలో ఒక్కటే: అడిగిన కీ డిక్షనరీలో లేనప్పుడు ఏం జరగాలి?

బ్రాకెట్లు వాడితే కీఎర్రర్ వచ్చి ప్రోగ్రాము అక్కడే ఆగిపోతుంది. గెట్ వాడితే ఆగదు. గెట్‌కు కీతోపాటు మనం రెండో విలువ ఇచ్చి ఉంటే అది, ఇవ్వకపోతే నన్ (None, అంటే ఏ విలువా లేదని) వస్తుంది. ఎర్రర్ అంటే బెదిరేవారికి గెట్ నచ్చడం సహజమే.

మాది రావులపాలెం దగ్గరి ఊరు కావడంతో మా ఉదాహరణలు ఎక్కువగా అరటి మార్కెట్ నుంచే వస్తాయి. మొన్న ఒక విద్యార్థి గెలల పట్టీకి లెక్క రాశాడు. అభ్యాసం కోసం అనుకున్న ధరలు గెలకు బొంత 220, చక్కెరకేళి 350, అమృతపాణి 300 రూపాయలు. పట్టీలో 20 బొంత, 12 చక్కెరకేళి, 5 అమృతపాణి గెలలున్నాయి కనుక మొత్తం 10,100 రావాలి. అతనికి 5,900 వచ్చింది. ఎర్రర్ ఏదీ లేకపోవడంతో తప్పెక్కడుందో వెతకడానికే అరగంట పట్టింది. మా వైపు చక్కెరకేళిని చక్రకేళి అని కూడా రాస్తారు. పట్టీలో అలాగే ఉంది. అతను రాసిన ధరలు.గెట్(రకం, 0) ఆ పేరు దొరకక, 12 గెలలకూ సున్నా ధర కట్టింది. దాని స్థానంలో ధరలు[రకం] అని రాయించగానే ప్రోగ్రాము ఆగి, ఎర్రర్ చివరి వరుసలో 'చక్రకేళి' అన్న పేరునే చూపించింది.

రెండో విలువ ఇవ్వకుండా గెట్ వాడినా పెద్ద మేలు లేదు. వచ్చిన నన్‌ను గెలల సంఖ్యతో గుణించేటప్పుడు టైప్‌ఎర్రర్ వస్తుంది కానీ, ఏ రకం దగ్గర తేడా వచ్చిందో అది చెప్పదు.

అయితే గెట్‌కు తగిన చోటు లేకపోలేదు. ఏ రకం గెలలు ఎన్ని వచ్చాయో ఒక్కొక్కటిగా లెక్కపెట్టేటప్పుడు, అంతవరకు రాని రకానికి సున్నా అన్నదే సరైన జవాబు; అక్కడ బ్రాకెట్లతో చదివితే ఆ రకపు మొదటి గెల దగ్గరే ప్రోగ్రాము ఆగిపోతుంది. సంఖ్యకు సున్నా నిజం, ధరకు సున్నా అబద్ధం. ఈ తేడా తెలియనంతవరకు బ్రాకెట్లే వాడమని నేను గట్టిగా చెబుతాను.

కీ ఉందో లేదో ఇన్ (in) అన్న పదంతో ముందుగా చూసుకోవడం కూడా సరైన పద్ధతే, కాకపోతే రాత పెరుగుతుంది. లేని కీకి ముందే అనుకున్న విలువను ఇచ్చే డిఫాల్ట్‌డిక్ట్ అనే ఇంకో రకం డిక్షనరీ ఉంది. అందులో లేని కీని బ్రాకెట్లతో చదివినంత మాత్రాననే అది కొత్తగా చేరిపోతుంది కనుక, దాన్ని కొన్నాళ్లు ఆగి నేర్చుకోవచ్చు.

ఆ విద్యార్థి చివరికి మారుపేర్లు అని ఇంకో చిన్న డిక్షనరీ పెట్టి, చక్రకేళికి చక్కెరకేళిని జతచేసి, ధరలు[మారుపేర్లు.గెట్(రకం, రకం)] అని రాశాడు. మారుపేరు లేదంటే ఉన్న పేరే వాడాలి కాబట్టి లోపల గెట్ సరిపోయింది. ధర లేదంటే ఆగాలి కాబట్టి బయట బ్రాకెట్లు ఉండాల్సిందే. ఈసారి 10,100 వచ్చింది.