ఐరిష్ వలసల అమెరికా: న్యూయార్క్, బోస్టన్‌లలో దేనికి ఎంత సమయం ఇవ్వాలి

ఐరిష్ వలసదారుల చరిత్ర కోసం న్యూయార్క్ వెళ్లేవాళ్లు చాలామంది మొదటి రోజంతా ఎల్లిస్ ఐలాండ్‌కే ఇచ్చేస్తారు. అక్కడ వలస కేంద్రం తెరిచింది 1892 జనవరి 1న. బంగాళాదుంపకు తెగులు సోకి ఐర్లండ్‌లో కరవు మొదలైంది 1845లో. ఆ కరవులో సుమారు పది లక్షల మంది పోయారు, అంతకు మించిన జనం దేశం విడిచారు. అప్పటికి ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం లేదు కాబట్టి న్యూయార్క్ చేరినవాళ్లు సౌత్ స్ట్రీట్ రేవుల్లో దిగి నేరుగా ఊళ్లోకి నడిచారు. 1855 నుంచి 1890 దాకా వచ్చినవాళ్ల నమోదు మాన్‌హాటన్ దక్షిణ కొసన ఉన్న కాజిల్ గార్డెన్‌లో జరిగింది. ఆ గుండ్రటి రాతి కోటే ఇప్పటి కాజిల్ క్లింటన్. ఎల్లిస్ ఐలాండ్‌కు వెళ్లే ఫెర్రీ టికెట్లు అమ్మేది అందులోనే. అసలు చూడాల్సిన చోట నిలబడి, దాన్ని చూడకుండానే జనం పడవెక్కేస్తుంటారు. టికెట్ చేతికొచ్చాక లోపల ఒక పావుగంట ఆగండి. ప్రవేశం ఉచితం.

ఎల్లిస్ ఐలాండ్‌కు సగం రోజు చాలు. అక్కడ మొట్టమొదట నమోదైంది ఐర్లండ్‌లోని కార్క్ నుంచి తమ్ముళ్లిద్దరితో వచ్చిన ఆనీ మూర్. ఆమె విగ్రహం మ్యూజియంలో ఉంది. ఆమె అడుగుపెట్టిన చెక్క భవనం మాత్రం 1897లో కాలిపోయింది. ఇప్పుడు చూసే ఇటుక భవనం 1900 డిసెంబరులో తెరిచినది. ఎల్లిస్ ఐలాండ్‌పైనా, స్వేచ్ఛా విగ్రహమున్న పక్క దీవిపైనా దిగనిచ్చే ఫెర్రీ స్టాట్యూ సిటీ క్రూజెస్ ఒక్కటే. కాజిల్ క్లింటన్ ఉన్న బ్యాటరీ పార్కు దారిలో టికెట్లు చేతిలో పెట్టేవాళ్లు చాలాసార్లు అమ్మేది దీవుల పక్కగా తిప్పి తెచ్చే పడవ ప్రయాణం, అందులో దిగడం ఉండదు. ఎడిసన్, జెర్సీ సిటీ వైపు పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు న్యూజెర్సీలోని లిబర్టీ స్టేట్ పార్క్ రేవు మేలు. కారు పెట్టుకోవచ్చు, క్యూ చిన్నది, పడవ ముందు ఎల్లిస్ ఐలాండ్‌లోనే ఆగుతుంది. లైట్ రైల్లో వస్తే స్టేషన్ నుంచి రేవుకు మైలు పైనే నడక, పెద్దవాళ్లకు కష్టం. ఏ వైపు నుంచైనా మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరితే రెండు దీవులూ చూడటం కుదరదు.

న్యూయార్క్‌లో మొదటి స్థానం కరవు స్మారకమైన ఐరిష్ హంగర్ మెమోరియల్‌కే ఇవ్వాలి. న్యూజెర్సీ, మాన్‌హాటన్‌ల మధ్య నడిచే పాత్ (PATH) రైలును వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి వీసీ స్ట్రీట్ వెంట నది వైపు పది నిమిషాలు నడిస్తే వస్తుంది. 2002లో ప్రారంభించారు, టికెట్ లేదు. శిల్పి బ్రయన్ టోల్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీ నుంచి పైకప్పు లేని ఒక నిజమైన రాతి ఇంటిని విప్పి తెచ్చి, అర ఎకరం స్థలంలో నిలబెట్టాడు. ఐర్లండ్ 32 కౌంటీల రాళ్లూ పేర్లతో సహా ఉంటాయి. పైనున్న పొలం సరిగ్గా పావు ఎకరం, అంటే మన 25 సెంట్లు. దానికి కారణముంది. పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాళ్లకు కరవు సాయం ఇవ్వకూడదని 1847లో చట్టంలో చేర్చారు. గంజి కోసం రైతులు భూమి వదులుకున్నారు, దాంతో ఇల్లూ పోయింది. ఆ సాయాన్ని లండన్ ఖజానా నుంచి బిగబట్టి నడిపిన అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పుడు కోస్తా, రాయలసీమ అతని పాలన కిందివే. స్మారకం పైకి వెళ్లే బాట ఏటవాలు, వానలో జారుతుంది. మరమ్మతులకు మూసే రోజులుంటాయి కాబట్టి ముందే చూసుకోవాలి.

డబ్బు పెట్టి చూడాల్సింది లోయర్ ఈస్ట్ సైడ్‌లోని టెనెమెంట్ (పేదల అద్దె వాటాల) మ్యూజియం. 97 ఆర్చర్డ్ స్ట్రీట్ భవనం 1863 నాటిది. 1869లో ఇక్కడ కాపురమున్న జోసఫ్, బ్రిజెట్ మూర్ దంపతుల ఇంటిని గైడ్ చూపిస్తారు. మూడు గదులు కలిపి సుమారు 325 చదరపు అడుగులు, అంటే 36 గజాలు. వాళ్ల పసిబిడ్డ ఆగ్నెస్ పోషణ అందక ఈ ఇంట్లోనే పోయింది. చుట్టూ అంతా జర్మన్లే కావడంతో ఆ కుటుంబానికి ఇరుగుపొరుగులోనూ సొంత మనుషులు లేరు. లోపలికి గైడ్‌తోనే పంపిస్తారు, బృందాలు చిన్నవి, శని ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి. టూర్లు చాలా రకాలు, బుక్ చేసేటప్పుడు ఐరిష్ కుటుంబం ఉన్నదే ఎంచుకోవాలి. ఈ భవనంలో లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. డిలాన్సీ–ఎసెక్స్ సబ్‌వే స్టేషన్ దగ్గర.

అక్కడి నుంచి పడమరగా నడిస్తే మల్బరీ స్ట్రీట్‌లో పాత సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్, 1815లో ప్రతిష్ఠించింది. ఫిఫ్త్ అవెన్యూలోని పెద్ద చర్చికి అందరూ వెళతారు గానీ చరిత్ర దీని ప్రహరీ గోడలో ఉంది. 1844లో ఫిలడెల్ఫియాలో వలస వ్యతిరేకులు కాథలిక్ చర్చిలు తగలబెట్టినప్పుడు బిషప్ జాన్ హ్యూస్ ఈ చర్చికి తన మనుషుల్ని కాపలా పెట్టాడు. ఒకప్పటి ఐరిష్ మురికివాడ ఫైవ్ పాయింట్స్ స్థలంలో ఇప్పుడున్నది కొలంబస్ పార్క్. చూడ్డానికి ఏమీ మిగల్లేదు, ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు.

బసకు మాన్‌హాటన్ కంటే జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్ నయం. పాత్ రైలు రాత్రంతా నడుస్తుంది, పక్కనే ఇండియా స్క్వేర్‌లో ఇడ్లీ, భోజనం దొరుకుతాయి. శాకాహారులకు ఐరిష్ పబ్బుల్లో దొరికేది తక్కువ. సెయింట్ పాట్రిక్స్ డే అయిన మార్చి 17 చుట్టుపక్కల మాత్రం రావద్దు: పరేడ్ చూడొచ్చు గానీ గదుల ధరలు పెరుగుతాయి, చరిత్ర చూసే తీరిక ఉండదు.

బోస్టన్‌కు ఆమ్‌ట్రాక్ మామూలు రైల్లో నాలుగు గంటల పైచిలుకు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే న్యూ హేవెన్ దాటాక సముద్రం కనిపిస్తుంది. శుక్రవారం సాయంత్రం బస్సు ఎక్కితే కనెక్టికట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. స్కూల్ స్ట్రీట్ మలుపులోని కరవు స్మారకం 1998 నాటిది, రెండు విగ్రహ సమూహాలు. న్యూయార్క్ స్మారకం చూసొచ్చాక ఇది తేలిపోతుంది, దారిలో పడితే ఆగండి చాలు.

ఒక రోజు పాత బట్టల మిల్లుల ఊరు లోవెల్‌కు పెట్టండి. 1822లో హ్యూ కమిస్కీ అనే మేస్త్రీ వెంట ఐరిష్ కూలీలు బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్ నుంచి నడిచి వచ్చి, ఇక్కడ బట్టల మిల్లులకు నీరందించే కాలవలు తవ్వారు. బూట్ మిల్లులో మరమగ్గాలు ఇప్పటికీ ఆడిస్తారు. ఆ మోతకు చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు ఇస్తారు, తీసుకోవాలి. కాలవల్లో పడవ షికారు వేసవిలోనే. చాలామంది తడబడేది రైలు దగ్గర: న్యూయార్క్ రైలు దిగేది సౌత్ స్టేషన్‌లో, లోవెల్ రైలు ఎక్కాల్సింది నార్త్ స్టేషన్‌లో. బోస్టన్ సబ్‌వే రెడ్ లైన్‌లో డౌన్‌టౌన్ క్రాసింగ్ వెళ్లి ఆరెంజ్ లైన్‌కు మారాలి. లోవెల్‌కు సుమారు ముప్పావు గంట, దిగాక మైలు దూరం నడక.

చివర్లో కెనడీ లైబ్రరీ. జేఎఫ్‌కే–యూమాస్ స్టేషన్ నుంచి షటిల్ ఉంటుంది. కరవు రోజుల్లో ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన వలసదారు మునిమనవడు జాన్ కెనడీ 1960లో అధ్యక్షుడిగా గెలిచాడు. కానీ తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది దాని పక్కనున్న, ఆయన తమ్ముడైన సెనేటర్ పేరిట వెలసిన ఎడ్వర్డ్ కెనడీ ఇన్‌స్టిట్యూట్. అమెరికా సెనేట్ సభను అసలు కొలతలతోనే లోపల కట్టారు. దేశాల వారీ కోటాలను రద్దు చేసి మనవాళ్లకు దారి తెరిచిన 1965 చట్టాన్ని సెనేట్‌లో నడిపించింది ఎడ్వర్డ్ కెనడీయే. 1990 చట్టం వెనకా ఆయనే ఉన్నాడు. ఏడాదికి 65,000 పరిమితితో హెచ్1బీని తెచ్చిన ఆ చట్టమే ఐరిష్‌వాళ్లకు మూడేళ్లలో 48,000 వీసాలు కేటాయించింది. రెండు కథలూ ఒకే కాగితం మీద కలిశాయి. ఇది వారంలో అన్ని రోజులూ తెరవదు. వేళలు చూసుకుని, కెనడీ లైబ్రరీతో కలిపి ఒకే రోజు పెట్టుకోవాలి. బోస్టన్‌లో గదుల ధరలు ఎక్కువ. రెడ్ లైన్ మీదున్న క్విన్సీలో బస చేస్తే కాస్త తగ్గుతాయి, ఈ రెండు చోట్లకూ రైలు మారే పని ఉండదు. ఏప్రిల్ మారథాన్, మేలో కాలేజీ స్నాతకోత్సవాలు, సెప్టెంబరు మొదటి వారం తప్పించండి.