చిన్న ఊళ్లో ఫుడ్ ప్యాంట్రీ వెతకాలంటే: 211 మేలా, ఫుడ్ బ్యాంక్ మ్యాప్ మేలా?

ఈ మధ్య ఒకే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. కొందరు ఉద్యోగం పోయినవాళ్లు, కొందరు ఎమ్మెస్ చదువుతున్న పిల్లలు. "అక్కా, మాది అమెరికాలో ఓ మూలన ఉన్న చిన్న ఊరు. ఇక్కడ ఫుడ్ ప్యాంట్రీ కోసం 211కి ఫోన్ చేయాలా, ఫుడ్ బ్యాంక్ సైట్లో వెతకాలా?" అని. ఫుడ్ ప్యాంట్రీ అంటే అవసరమైనవాళ్లకు తిండి సామాను ఉచితంగా ఇచ్చే చోటు. 211 అంటే ఏ సహాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే ఫోన్ నంబర్.

పెద్ద నగరంలో ఉంటే ఏది చేసినా ఒకటే, ఎక్కడో ఒకచోట తలుపు తెరిచే ఉంటుంది. చిన్న ఊళ్లో ఉండేవి ఒకటో రెండో. అవి కూడా చాలాచోట్ల నెలకు రెండు రోజులే, రెండేసి గంటలే తెరుస్తారు. అందుకే ప్యాంట్రీ ఎక్కడుందో తెలిస్తే సరిపోదు, ఏ రోజు తెరుస్తారో కచ్చితంగా తెలియాలి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఓ చర్చి బేస్‌మెంట్లో నడిచే ప్యాంట్రీలో శనివారాలు పనిచేస్తాను. పోయిన చలికాలం ఒకావిడ ఇద్దరు పిల్లల్ని కార్లో ఎక్కించుకుని నలభై నిమిషాలు నడుపుకుంటూ వచ్చింది. ఆమెకు దొరికిన జాబితాలో 'ప్రతి శనివారం' అని ఉంది. మేం తెరిచేది రెండో, నాలుగో శనివారాలు మాత్రమే. ఆ రోజు సరుకు సర్దడానికి మేం అక్కడ ఉండబట్టి ఆమెకు సామాను ఇవ్వగలిగాం. లేకపోతే ఆ మంచులో తాళం చూసి వెనక్కి వెళ్లేది. ఇప్పటికీ ఆ పిల్లల మొహాలు గుర్తొస్తుంటాయి.

211కి మంచి గుణాలు చాలా ఉన్నాయి. 2000లో ఎఫ్‌సీసీ (అమెరికా టెలిఫోన్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) ఈ నంబర్‌ని సహాయ సమాచారం కోసం కేటాయించింది. అవతల మనిషి మాట్లాడతారు, చాలాచోట్ల దుభాషిని కూడా అడగొచ్చు. అద్దె, కరెంటు బిల్లు, మందులు, ఇలా తిండితోపాటు ఇంకేవైనా ఇబ్బందులుంటే అన్నీ ఒకే ఫోన్‌లో అడగొచ్చు. చిక్కల్లా, ఆ మాట్లాడే మనిషి ఎక్కడో దూరాన కూర్చుని తన ముందున్న జాబితా చదువుతారు. చిన్న ప్యాంట్రీలు నడిపేది మాలాంటి వలంటీర్లు. వేళలు మారినప్పుడు తలుపు మీద కాగితం అంటిస్తాం కానీ 211కి చెప్పడం మర్చిపోతాం.

ఫుడ్ బ్యాంక్ సంగతి వేరు. ఫుడ్ బ్యాంక్ అంటే ప్యాంట్రీలకు సరుకు పంపే గిడ్డంగి, ప్యాంట్రీ అంటే మన చేతికి సామాను ఇచ్చే చోటు. 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అనే దేశవ్యాప్త సంస్థ కింద దాదాపు 200 ఫుడ్ బ్యాంకులున్నాయి. వాళ్ల సైట్లో మీ జిప్ కోడ్ కొడితే మీ ప్రాంతపు ఫుడ్ బ్యాంక్ ఏదో చూపిస్తుంది. ఆ ఫుడ్ బ్యాంక్ సైట్లో ప్యాంట్రీల మ్యాప్ చూడాలి. మా ప్యాంట్రీ సరుకు ఆర్డర్ పెట్టేది, నెలనెలా ఎంతమందికి ఇచ్చామో లెక్క పంపేది ఆ గిడ్డంగికే. ఒక ప్యాంట్రీ మూతపడితే ముందు తెలిసేది వాళ్లకే. పైగా మొబైల్ ప్యాంట్రీల క్యాలెండర్ అక్కడే ఉంటుంది. ప్యాంట్రీ లేని ఊళ్లలో నెలకోసారి స్కూలు పార్కింగ్ లాట్‌కి వచ్చే ఆ ట్రక్కే పెద్ద దిక్కు. ఒక్క లోటు ఏమిటంటే, ఫుడ్ బ్యాంక్‌తో సంబంధం లేకుండా సొంతంగా నడుపుకునే చర్చిల పేర్లు ఆ మ్యాప్‌లో కనిపించవు.

అందుకే నా ఓటు మ్యాప్‌కే. అయితే మ్యాప్ చూసి నేరుగా బయల్దేరకండి. ఆ ప్యాంట్రీకే ఫోన్ చేయండి. ఈ వారం తెరుస్తున్నారా, మా జిప్ కోడ్ వాళ్లకు ఇస్తారా, ఏం కాగితాలు తేవాలి, ఈ మూడూ అడగండి. ఎవరూ ఎత్తకపోతే మెసేజ్ పెట్టి, మామూలు పనిరోజు పొద్దున మళ్లీ చేయండి.

వీసా గురించి భయపడి ఆగిపోయేవాళ్లను చూశాను. మా దగ్గర అడిగేది పేరు, అడ్రసు, ఇంట్లో ఎంతమంది అన్నదే. ప్రభుత్వం పంపే సరుకుకైతే మీ ఆదాయం పరిమితిలోనే ఉందని సంతకం పెడితే చాలు. స్నాప్ (సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) వేరు. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్లకు అది రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాత్రం ఆదాయాన్ని బట్టి రావచ్చు. గర్భిణులు, అయిదేళ్లలోపు పిల్లలున్నవాళ్లు విక్ (తల్లీపిల్లల పోషకాహారానికి ప్రభుత్వ పథకం) కూడా అడిగి చూడండి.

శాకాహారులైతే ముందే చెప్పండి, మొహమాటపడొద్దు. కట్టి ఉంచిన పెట్టెలో ట్యూనా, చికెన్ డబ్బాలుంటాయి. అవి తీసి బీన్స్, బియ్యం, ఓట్స్, పీనట్ బటర్ పెట్టమంటే సంతోషంగా మారుస్తాం.

మిగతావి టూకీగా: విద్యార్థులకు క్యాంపస్ ప్యాంట్రీ ఉంటే ముందు అక్కడికే వెళ్లాలి. లైబ్రరీలో అడగడం కూడా మంచిదే. రోడ్డు పక్కన ఉండే చిన్న చెక్కపెట్టె ప్యాంట్రీలో ఏ రోజు ఏముంటుందో చెప్పలేం.

ఈ రాత్రికే పొయ్యిలో పిల్లి లేచేలా లేదంటే మాత్రం మ్యాప్ పక్కన పెట్టి 211 నొక్కండి. "ఇవాళే కావాలి, ఇంట్లో చిన్నపిల్లలున్నారు" అని మొదటి మాటలోనే చెప్పండి. వాళ్లు చెప్పిన చోటికి బయల్దేరే ముందు, అక్కడికి కూడా ఒక్క ఫోన్ చేయండి.