ఎర్ర బురదను కొలవడానికి గొట్టం ముక్కా, రియోమీటరా?

రాయగడ, కోరాపుట్ వైపు మన పిల్లలు ఇంజినీరింగ్ ప్రాజెక్టుకు ఏం తీసుకోవాలని అడిగితే నేను ఎర్ర బురదనే చూపిస్తాను. పంచపట్మాలి కొండ బాక్సైట్‌ను దామంజోడి అల్యూమినా ఫ్యాక్టరీలో వేడి కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీశాక మిగిలేది ఇదే. మామూలుగా టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర దాకా వస్తుంది. ఇది నీళ్లలా పారదు. కొంత ఒత్తిడి పడేదాకా కదలదు, కలుపుతుంటే పలచబడుతుంది, వదిలేస్తే మళ్లీ బిగుస్తుంది. కదలడానికి కావలసిన ఆ కనీస ఒత్తిడే ఈల్డ్ స్ట్రెస్. బురదను చిక్కగా పేర్చాలన్నా, గొట్టాల్లో పంపాలన్నా ముందు ఇది తెలియాలి.

చౌక దారి స్లంప్ పరీక్ష. రెండువైపులా తెరిచిన గొట్టం ముక్కను పలక మీద నిలబెట్టి, బురద నింపి, నిదానంగా పైకి లాగాలి. ఎంత కుంగిందో స్కేలుతో కొలవాలి. రియోమీటర్ అంటే ఇలాంటి పదార్థాలు ఎలా పారతాయో కొలిచే యంత్రం. అందుకే ఈ చౌక పరీక్షను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు 1996లో 'యాభై సెంట్ల రియోమీటర్' అన్నారు! 10 సెం.మీ. ఎత్తు బురద 4 సెం.మీ. కుంగి, సాంద్రత ఘనమీటరుకు 1600 కిలోలుంటే, వాళ్ల ఉజ్జాయింపు సూత్రంతో ఈల్డ్ స్ట్రెస్ దాదాపు 290 పాస్కల్స్ వస్తుంది. మరీ పలచనైతే మాత్రం పలక మీద పరుచుకుపోతుంది, ఆ అంకెను నమ్మలేం.

అసలు రియోమీటర్ ధర లక్షల్లో ఉంటుంది. అందులో తిరిగే భాగంగా మామూలు నునుపు సిలిండర్ పెడితే బురద గోడ వెంట జారి, అసలుకంటే తక్కువ చూపిస్తుంది. అందుకే రెక్కలున్న వేన్ వాడాలి. అది బురదను బురదలోనే తెంపుతుంది. ఎంత వేగానికి ఎంత పలచబడుతుందో చెప్పగలిగేది మాత్రం ఈ యంత్రమే. పంపు ఎంచుకోవాలంటే ఆ వివరం తప్పదు, అది స్లంప్‌కు చేతకాదు.

అయినా మొదలు పెట్టేవాళ్లకు నా ఓటు గొట్టం ముక్కకే. రియోమీటర్ కోసం బురదను డబ్బాలో కట్టి విశాఖ ల్యాబ్‌కో బరంపురం ల్యాబ్‌కో రైలెక్కించేసరికి కుదుపులకు సగం పలచబడి, ఆగినచోట అడుగున పేరుకుంటుంది. యంత్రం ముందు పెట్టేది అసలు బురదే కాదు. ఫ్యాక్టరీ అనుమతి దొరికితే అక్కడే కొలవండి. ల్యాబ్‌లో చేసేటప్పుడు ప్రతి నమూనానూ ఒకే వేగంతో, ఒకే సమయం కలిపి, ప్రతిసారీ ఒకే సేపు ఆగి మొదలుపెట్టండి. లేకపోతే రెండు అంకెలను పక్కపక్కన పెట్టలేం. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, అందులో కాస్టిక్ ఇంకా ఉంటుంది.