శ్రీశైలం దారిలో మ్యాప్‌ను ఎంతవరకు నమ్మాలి?

హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్లేవాళ్లను ఫోన్ మ్యాప్ ముంచేది మన్ననూరులోని అటవీ శాఖ గేటు దగ్గరే. సాయంత్రం 6.30కి ఎంజీబీఎస్ దగ్గర బయల్దేరినా రాత్రి 11.30కల్లా చేరిపోతారనే అంచనా కనిపించవచ్చు. కానీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి వెళ్లే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మ్యాప్ ఆ వేళల్ని లెక్కలోకి తీసుకుంటుందని నమ్మి బయల్దేరొద్దు. 9.30కి గేటు దగ్గరికి చేరితే ఎనిమిదిన్నర గంటలు కార్లోనే పడిగాపులు. వెనక సీట్లో పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఆ రాత్రి డ్రైవింగ్ సీట్లో ఉన్నవాళ్లకు నరకమే.

అందుకే ముందు శ్రీశైలం కాదు, మన్ననూరు కొట్టి చూడండి. సుమారు 140 కిలోమీటర్లు, మూడు గంటల పైమాటే. నగరం దాటేసరికే ఆలస్యమవుతుంది కాబట్టి మరో ముప్పావు గంట కలుపుకోండి. సాయంత్రం 4 దాటకుండా కదిలితే 8 గంటలకల్లా గేటు దాటొచ్చు. దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకూ రాత్రి ఇదే నిబంధన.

గచ్చిబౌలి వైపువాళ్లు ఔటర్ మీదుగా వచ్చి తుక్కుగూడ దగ్గర, 14వ ఎగ్జిట్‌లో దిగాలి. జీపీఎస్‌లో నాలుగైదు మీటర్ల తేడా మామూలే. మెయిన్ రోడ్డు మీదున్న కారును సర్వీసు రోడ్డు మీద చూపించేది దానివల్లే. అక్కడ బాణాన్ని కాదు, పైనున్న బోర్డును నమ్మండి.

తుక్కుగూడ నుంచి కల్వకుర్తి, డిండి మీదుగా హాజీపూర్ దాకా చెప్పడానికేమీ లేదు, సాఫీగా సాగిపోతుంది.

మన్ననూరు దాటాక సిగ్నల్ చాలాచోట్ల పోతుంది. ఉపగ్రహాల సంకేతానికి నెట్ అక్కర్లేదు, నాలుగు ఉపగ్రహాలు అందితే ఫోన్ తానెక్కడుందో తెలుసుకుంటుంది. అందనిది మ్యాప్ బొమ్మ. ఇంట్లో వైఫై ఉండగానే గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, హైదరాబాద్ నుంచి దోర్నాల, ఆత్మకూరు దాకా పట్టేలా తెర మీద కనిపించే పెట్టె జరిపి డౌన్‌లోడ్ చేసుకోండి. ఎప్పుడో చేసి వదిలేసినదైతే గడువు తీరిపోయి ఉంటుంది, బయల్దేరే ముందు రోజు అప్‌డేట్ చేయాలి. ఆఫ్‌లైన్‌లో దారి చెబుతుంది గానీ ట్రాఫిక్ చెప్పదు. కారుతోపాటు వచ్చిన నావిగేషన్ అయితే అందులోని మ్యాప్ ఏ సంవత్సరానిదో చూసుకోండి.

బయల్దేరేటప్పుడు బైకు గుర్తు కాకుండా కారు గుర్తే ఎంచుకున్నారో లేదో చూడండి. బైకు మోడ్‌లో ఉంటే కారు తిరగని సందుల్లోకి తీసుకెళ్తుంది. ఆత్మకూరు దిక్కు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో హెచ్చరిక. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో కనిపించే దారి శివరాత్రికి నడిచి వెళ్లే భక్తుల కాలిబాట. ఎంత దగ్గరగా కనిపించినా కారు దోర్నాల చుట్టి రావాల్సిందే.

ఫోన్‌ను చేత్తో పట్టుకోవద్దు. డ్రైవింగ్‌లో ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడొచ్చని 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధన ఉంది. ఏసీ గాలి తగిలే చోట బిగించే హోల్డర్ 400 రూపాయల్లో వస్తుంది. అద్దం కింద ఎండలో పెడితే ఫోన్ వేడెక్కి తెర మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. పాత కార్ల యూఎస్‌బీ పోర్టు అర ఆంపియరే ఇస్తుంది, మ్యాప్ తినే కరెంటుకు అది చాలదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఛార్జర్‌కు 500 పెట్టడం దండగ కాదు. దోమలపెంట తర్వాత డ్యామ్ దాకా దిగే ఘాట్ మలుపుల్లో తెర చూడనేకూడదు. తెలుగు వాయిస్ పెట్టుకోండి, ఫోన్ పని పక్క సీటువాళ్లకు అప్పగించండి.

గమ్యంగా గుడి పేరు కొడితే రద్దీ వీధుల్లో ఇరుక్కుంటారు. గంగా సదన్ అనో, గౌరీ సదన్ అనో, మీరు దిగబోయే బస పేరే కొట్టండి. కానీ మ్యాప్‌లో సత్రం పేరు కింద కనిపించే ఫోన్ నంబరుకు మాత్రం పైసా అడ్వాన్స్ పంపొద్దు. ఆ వివరాలు ఎవరైనా మార్పించేయొచ్చు, మోసగాళ్లకు అదే సందు. దేవస్థానం గదులకు దేవస్థానం సొంత వెబ్‌సైట్, సత్రానికైతే మునుపు దిగిన బంధువుల దగ్గరున్న నంబరు, ఈ రెండే నమ్మదగ్గవి.

రానూపోనూ 430 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారుకు, పెట్రోలు 107 రూపాయల లెక్కన 3,100 దాకా అవుతుంది. అడవిలోకి వెళ్లేలోపే నింపుకోండి.

తిరుగు ప్రయాణానికీ అదే గేటు. మన్ననూరు దాకా సుమారు 75 కిలోమీటర్లే అయినా రెండున్నర గంటలు పెట్టుకుని, సాయంత్రం 5 దాటకుండా బయల్దేరండి. వరద రోజుల్లో డ్యామ్ గేట్లెత్తితే జనం కార్లు ఎక్కడికక్కడ ఆపేస్తారు, సిగ్నల్ లేని ఫోన్‌కు ఆ జామ్ తెలియదు. అప్పుడు 3 గంటలకే కదలాలి.