కాగితం సంచా, ప్లాస్టిక్ కవరా: విజయవాడలో ఏది మేలు?

కూరగాయల బజారుకు వట్టి చేతులతో వెళ్తే రెండే దారులు. బండివాడు ఇచ్చే పల్చటి కవర్ తీసుకోవాలి, లేదంటే సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర డబ్బులిచ్చి కాగితం సంచి కొనుక్కోవాలి. ఈ రెండింట్లో ఏది మేలని అడిగితే చాలామంది కాగితం వైపే మొగ్గుతారు. చెట్టు నుంచి వచ్చింది, మట్టిలో కలిసిపోతుంది, ఇంకేం కావాలి అంటారు. నా అభిప్రాయం కొంచెం వేరు. ఒక్కసారి వాడి పారేసేటట్టయితే మన ఊళ్లో కాగితమే మేలు. అయితే ఆ మేలు మనం అనుకున్నంత పెద్దది కాదు. ఈ రెండింటికంటే చాలా మెరుగైనది మన ఇంట్లోనే ఉంది, అది కూడా ప్లాస్టిక్కే.

ముందు తయారీ సంగతి చూద్దాం. కాగితం సంచి కావాలంటే కలప గుజ్జు కావాలి, బోలెడు నీళ్లు కావాలి, ఉడికించడానికీ ఆరబెట్టడానికీ వేడి కావాలి. పైగా బరువు. అన్నే ప్లాస్టిక్ కవర్లు పట్టే జాగాకు కొన్ని రెట్లు జాగా పడుతుంది, అంటే మోసుకొచ్చే లారీకి డీజిల్ కూడా ఎక్కువే. బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ఈ లెక్కంతా కట్టింది. పల్చటి ప్లాస్టిక్ కవర్‌ని ఒకసారి వాడి పారేస్తే భూతాపానికి ఎంత కారణమవుతుందో, కాగితం సంచి దానితో సమానం కావాలంటే దాన్ని 3 సార్లు వాడాలని తేల్చింది. గుడ్డలా కనిపించే నాన్‌ఓవెన్ సంచిని 11 సార్లు, కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలట. 2018లో డెన్మార్క్ వాళ్లు ఇంకో లెక్క తీశారు. అందులో భూతాపం ఒక్కటే చూస్తే నూలు సంచికి 52 సార్లు సరిపోయింది. ఓజోన్ పొర, నీటి వాడకం లాంటివన్నీ కలుపుకుంటే 7,100 సార్లకు వెళ్లింది.

ఈ అంకెలు చూపించి, చూశారా ప్లాస్టిక్కే మంచిది అనేవాళ్లున్నారు. అక్కడే చిక్కు. ఆ లెక్కల్లో చెత్త రోడ్డున పడటం అనేది లేదు. వాడిన కవర్ చెత్తబుట్టలోకి, అక్కణ్నుంచి కాల్చే ప్లాంటుకో పూడ్చే చోటుకో చేరుతుందనే అనుకున్నారు. వాళ్ల ఊళ్లకు అది సరిపోవచ్చు, మన ఊరికి సరిపోదు. బెజవాడ మధ్యలోంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పారుతున్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన ఈ నీళ్లు డెల్టా పొలాలకు వెళ్తాయి, దారిలో ఎన్నో ఊళ్ల మంచినీటి చెరువుల్ని నింపుతాయి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి కిందికి చూడండి. బురదలో సగం కూరుకుపోయిన కవర్లు, వాటి చెవులు మాత్రం పైకి కనిపిస్తూ ఉంటాయి. కాగితం సంచి అదే నీళ్లలో పడితే నానుతుంది, చిరుగుతుంది, కొన్ని వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది. కవర్ పోదు. ముక్కలవుతుంది, ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి, చివరికి చేప కడుపులోకి చేరేంత చిన్నవవుతాయి.

ఊళ్లో మన కళ్ల ముందే జరిగే నష్టం ఇంకోటుంది. మిగిలిన అన్నం, అరటి తొక్కలు కవర్‌లో వేసి ముడేసి రోడ్డు పక్కన పెడతారు. ఆవుకి ముడి విప్పడం రాదు, కవర్‌తో సహా మింగేస్తుంది. వానాకాలంలో సైడు కాలువ మూతల దగ్గర అడ్డం పడేవీ ఈ కవర్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద కట్టకు గండ్లు పడటం వల్ల వచ్చింది, కవర్ల వల్ల కాదు. కానీ ఎక్కడైనా సరే, వచ్చిన నీళ్లు దిగిపోవాలంటే కాలువలు తెరిపిగా ఉండాలి కదా. అందుకే బ్రిటన్, డెన్మార్క్ వాళ్ల లెక్కను వాళ్లకే వదిలేసి, మన దగ్గర పల్చటి కవర్ కంటే కాగితం మేలని గట్టిగా చెప్తాను.

చట్టం కూడా పల్చటి కవర్‌కి ఎదురుగానే ఉంది. 2016 నిబంధనల్లో క్యారీ బ్యాగు మందం కనీసం 50 మైక్రాన్లు ఉండాలన్నారు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). 2021 సెప్టెంబరు 30 నుంచి 75 చేశారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 చేశారు. మందం పెంచడంలో తెలివి ఉంది. 120 మైక్రాన్ల సంచి చేతికి గట్టిగా తగులుతుంది, నాలుగుసార్లు వాడబుద్ధి అవుతుంది, పారేసినా ఏరుకునేవాళ్లకు బరువు దొరుకుతుంది. గాలికి ఎగిరే పల్చటి కవర్లయితే వందల కొద్దీ ఏరితే గానీ కిలో కాదు, అవి కూడా మురికితో, తడితో. అందుకే వాటిని ఎవరూ వంగి తీయరు. అయినా బజార్లో అవే ఇంకా చేతికొస్తున్నాయి, ఉచితం కాబట్టి మనమూ తీసుకుంటున్నాం.

ఇక కాగితం పేరుతో వచ్చేదంతా కాగితం కాదు. మెరిసే కాగితం సంచి ఏదైనా ఇంట్లో ఉంటే అంచు పట్టుకుని మెల్లగా చింపి చూడండి. ఉత్త కాగితమైతే పీచుపీచుగా ఒకేసారి చిరుగుతుంది. పైన ప్లాస్టిక్ పూత ఉంటే కాగితం చిరిగినా పల్చటి పొర సాగుతూ వెనకే వస్తుంది. దాన్ని కాగితం మిల్లువాడూ తీసుకోడు, ప్లాస్టిక్ వాడూ తీసుకోడు. టీ కప్పులూ అంతే, లోపల పాలిథిన్ పొర లేకపోతే టీ నిలవదు. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో ఇలాంటి కప్పుల్లో వేడినీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు వదిలాయని చెప్పారు. టీకొట్లో గాజు గ్లాసు అడిగి తీసుకోవడం దీనికంటే ఎంతో నయం. బజ్జీలకు పాత న్యూస్‌పేపర్ కూడా వద్దు. నూనెకు సిరా కరిగి తినేదానికి అంటుకుంటుంది కాబట్టి ఆహార భద్రతా సంస్థ దాన్ని వద్దంది. మిరపకాయ బజ్జీకి విస్తరాకు ముక్క ఉండగా ఇవన్నీ ఎందుకు?

ఇప్పుడు ఇంట్లోకి వచ్చేసిన ప్లాస్టిక్ మాట. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సంచి విషయంలో పడే టెన్షన్ అంతా పడి, రోజూ వచ్చే పాల ప్యాకెట్‌ని చూసుకోకపోతే లాభం లేదు. పాల ప్యాకెట్ మంచి ప్లాస్టిక్. ఒకే రకం పాలిథిన్, మళ్లీ కరిగించి వాడుకోవడానికి వీలైనది. పాడయ్యేది మన చేతిలోనే. మొదటి తప్పు కత్తిరించేటప్పుడు. మూల పూర్తిగా తెగ్గొడితే ఆ గోరంత ముక్క సింకులోకో చెత్తలోకో పోతుంది, మళ్లీ దొరకదు. కత్తెర పూర్తిగా చివరిదాకా పోనివ్వకుండా, ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా గాటు పెడితే చాలు. రెండో తప్పు కడగకపోవడం. పాలు పోశాక అందులోనే గ్లాసెడు నీళ్లు పోసి ఊపి, ఆ నీళ్లు మొక్కకు పోసేసి, ప్యాకెట్‌ని కిటికీ చువ్వకు తగిలిస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. అలా ఆరినవి ఒక సంచిలో కూర్చి ఉంచితే పాత సామాన్ల బండివాడు కాదనడు. మా వీధికి వచ్చే ఆయన మాట సూటిగా ఉంటుంది: "ఆరినవి ఇవ్వండమ్మా, వాసనొచ్చేవి గోదాంలో పెట్టుకోలేం."

సీసాల అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 ఉంటే నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ సీసా రకం. దాన్ని తునకలు చేసి ఎక్కువగా దారం తీస్తారు, దిండ్లలో నింపే పీచు, బట్టలు అవుతాయి. 2 అంటే షాంపూ సీసాలు, డబ్బాలు. 5 అంటే చాలా వరకు కిచెన్ డబ్బాలు, మూతలు. ఈ మూడింటికీ మంచి గిరాకీ ఉంటుంది. అంకె కనిపించకపోతే చిన్న ముక్క నీళ్లలో వేసి చూడండి. పాల ప్యాకెట్, షాంపూ సీసా ముక్కలు తేలతాయి, కూల్‌డ్రింక్ సీసా ముక్క మునుగుతుంది. రీసైక్లింగ్ కేంద్రాల్లోనూ వీటిని విడదీయడానికి ఇదే కిటుకు వాడతారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు మాత్రం వేరే కథ. ప్లాస్టిక్ పొర మీద మెరిసే లోహపు పూత, దాని మీద ఇంకో పొర అతికించి చేస్తారు. విడదీయడం కష్టం, కొనేవాడూ ఉండడు. అలాంటివి కొనడం తగ్గించడం తప్ప ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు.

చెత్త బండిలో తడి, పొడి వేరుగా వేయమని ఊరికే చెప్పరు. 2021 అక్టోబరు 2న బెంజి సర్కిల్ దగ్గర ఆ బళ్లను మొదలుపెట్టినప్పుడు తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు అన్నారు. పొడి బుట్టలో ఒక్క సాంబారు కవర్ పడితే చుట్టూ ఉన్న కాగితం, అట్టపెట్టెలు కూడా పాడవుతాయి. గుంటూరు, విజయవాడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు కొండవీడు వైపు ఉంది కదా, అన్నీ అక్కడే కాల్చేస్తారులే అనుకోవద్దు. తడిసిన చెత్త సరిగా కాలదు. కాలినా ఆ ప్లాస్టిక్ మళ్లీ వస్తువు కాదు, పోయినట్టే. కడిగి అమ్మితే అదే ప్లాస్టిక్ ఇంకో డబ్బా అవుతుంది.

మొదట్లో చెప్పిన మెరుగైన సంచి బియ్యం బస్తా. పాతిక కేజీల బస్తా ఖాళీ అయ్యాక దులిపి, ఉతికి, అడ్డంగా కోసి, అంచు మడిచి కుట్టించి, మిగిలిన ముక్కతో రెండు చెవులు పెట్టిస్తే నాలుగు కేజీల టమోటాలూ అరటి గెలా మోస్తుంది. వీధి చివర టైలర్ తక్కువ డబ్బుకే కుట్టి ఇస్తాడు. ఇది పాలీప్రొపిలీన్ దారంతో నేసిన ప్లాస్టిక్. కానీ దాని తయారీ భారం బియ్యం లెక్కలోకి ఎప్పుడో పోయింది, మనం వాడేదంతా లాభమే. నీళ్లకు తడిసినా ఏమీ కాదు. నెలల తరబడి ఎండలో మాత్రం వదిలేయకూడదు, దారాలు పెళుసై పొడిగా రాలతాయి. అలా రాలడం మొదలైతే ఇక దాన్ని వాడకండి.

పాత చీర, పాత ప్యాంటు గుడ్డతో కుట్టిన సంచికీ ఇదే న్యాయం. కొత్తగా కొన్న నూలు సంచికే ఆ 131 సార్ల లెక్క. పెళ్లిళ్లలో తాంబూలంతో ఇచ్చే సంచులు ఒక్కో ఇంట్లో గుట్టలు పడి ఉంటాయి. అవి చూడటానికి గుడ్డలా ఉన్నా చాలావాటికి నాన్‌ఓవెన్ ప్లాస్టిక్కే ఆధారం, ఉతికితే పీచు లేస్తుంది. వాటిని బీరువాలో దాచడం కంటే స్కూటర్ డిక్కీలో రెండు పెట్టుకుంటే పదకొండు సార్లు ఇట్టే దాటేస్తాయి. ఇచ్చేవాళ్లయినా కొత్త సంచుల బదులు తాంబూలం చేతికి ఇస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది.

కొన్ని షాపుల్లో మొక్కజొన్న పిండితో చేశామంటూ పచ్చటి అక్షరాలున్న కవర్లు ఇస్తున్నారు. నిజమైనవే అయినా అవి కుళ్లాలంటే యాభై ఎనిమిది డిగ్రీల దాకా వేడెక్కే పెద్ద కంపోస్టు యార్డు కావాలి. కాలువలో పడితే చాలాకాలం మామూలు కవర్‌లాగే ఉంటాయి. పాల ప్యాకెట్ల మధ్య కలిస్తే ఆ సరుకును కూడా చెడగొడతాయి. అందుకని వాటిని వేరుగానే పెట్టాలి.

కాగితమూ పనికిరాని, బస్తా సంచీ పనికిరాని సరుకు చికెన్, చేపలు. అక్కడ ఇచ్చే నల్ల కవర్ రకరకాల పాత ప్లాస్టిక్ కలిపి కరిగించినది, ఆ రంగుతో లోపలి మురికి కనపడకుండా చేస్తారు. ఆహార భద్రతా ప్రమాణాలకు తగని రీసైకిల్ కవర్‌లో తినే సరుకు పెట్టకూడదని నిబంధనల్లో ఉన్నదే. ఇంటి నుంచి మూత గట్టిగా పట్టే స్టీల్ క్యారియర్ తీసుకెళ్లండి. తూకం వేసేముందే ఖాళీ గిన్నె బరువు తీయించి, "బాబూ, కవర్ వద్దు, ఇందులో వేసెయ్" అంటే సరి. నీళ్లు కారవు, స్కూటర్ సీటు పాడవదు, ఇంటికొచ్చాక ఆ గిన్నెలోనే కడిగేయొచ్చు.