జర్మనీ కార్డా, ఐర్లండ్ కార్డా? యూరప్ తిరగడానికి ఏది నయం

మాస్టర్స్‌కి జర్మనీయా, ఐర్లండా అని తేల్చుకునేటప్పుడు మనవాళ్లు ఫీజులు, ఉద్యోగాలు లెక్కేస్తారు. తిరుగుడు సంగతి మొదటి సెలవులకి గానీ గుర్తురాదు.

వీసా: జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ (అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు) ఉంటే మిగతా షెంగెన్ దేశాలకు, అంటే తమ మధ్య మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాలకు, వేరే వీసా అక్కర్లేదు. ఏ 180 రోజులు తీసుకున్నా ఆ దేశాల్లో ఉండేది 90 రోజులు మించకూడదు, అంతే. 2023లో క్రొయేషియా చేరింది, 2025 నుంచి రొమేనియా, బల్గేరియా పూర్తిగా చేరాయి. ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేదు. పారిస్‌లో రెండ్రోజులు ఉండాలన్నా మన పాస్‌పోర్టుకి వీసా తప్పదు. పక్కనే ఉన్న బెల్‌ఫాస్ట్‌కీ అంతే, అది బ్రిటన్ కిందికి వస్తుంది మరి.

ఖర్చు: జర్మనీ నుంచి టికెట్ డబ్బులే. ఐర్లండ్ నుంచి 90 యూరోల వీసా ఫీజు, కనీసం 30,000 యూరోల కవరేజీతో ఇన్సూరెన్సు అదనం.

శ్రమ: ఐర్లండ్‌లో అపాయింట్‌మెంట్ వేట, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు. చవక టికెట్ కనబడగానే కొనేసే సుఖం ఉండదు.

రిస్క్: జర్మనీ కార్డుకీ ఒకటుంది. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ వెళ్లొచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు రైలెక్కి కాగితాలు అడగొచ్చు. కార్డొక్కటే చాలదు, పాస్‌పోర్టూ జేబులో ఉండాలి. ఈ కార్డుతో వేరే దేశంలో ఉద్యోగం చేయడం కుదరదు. డబ్లిన్‌కి కూడా ఇది పనికిరాదు.

నెలకో ఊరు చూడాలనుకుంటే జర్మనీయే. ఇంగ్లిష్‌లోనే ఉద్యోగం కావాలి, ఏడాదికో ట్రిప్పు చాలు అంటే ఐర్లండ్. వీసా మాత్రం రెండు నెలల ముందే మొదలెట్టండి.